మూడు సీళ్లు మార్చినా ఆగని గేర్‌బాక్సు: నాలుగోది కొనేముందు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఎర్రగుంట్లలో కడప బండలు ఎత్తుకొని, గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటికి తిరిగే పికప్పు. గేర్‌బాక్సు వెనక, జాయింట్ షాఫ్టు తగిలించే చోట ఆయిల్ కారుతోంది. తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, అదే సీలు, మొదటిది రెండు నెలలు, రెండోది నెలన్నర, మూడోది మూడు వారాలు నిలబడింది. ఇప్పుడు ఒక మెకానిక్కేమో వేడికి ఎక్కువ ఓర్చే వైటాన్ రబ్బరు సీలు వెయ్, పీడ పోతుంది అంటున్నాడు. అంగడాయనేమో కంపెనీ మాల్ తప్ప ఏదీ ఆగదంటున్నాడు. ఏది కొనాలని అడిగావు.

ఇంకా ఏదీ కొనొద్దు. అనంతపురంలో ఇరవై ఎనిమిదేళ్లుగా గేర్‌బాక్సులు విప్పుతున్నాను. ఒక సీలు పోతే అది పాతబడి పోయిందనుకోవచ్చు. మూడు పోయాయి, అదీ ఒకదానికంటే ఒకటి తొందరగా పోయాయి అంటే సీలును చంపేది ఏదో అక్కడే కూర్చోనుంది. దాన్ని పట్టుకోకుండా నువ్వు వెయ్యి రూపాయల సీలు వేసినా దాని గతీ అంతే.

ముందు కారేది సీలు దగ్గరేనా అన్నది తేల్చుకో. వెనక బొట్టు కట్టినంత మాత్రాన వెనకే పుట్టిందని కాదు. బండి పోతుంటే గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది. పైమూత ప్యాకింగు, స్పీడోమీటర్ కేబుల్ దిగే చోట ఉండే ఓ-రింగు, రివర్స్ లైటు స్విచ్చి, వీటిలో యాడ కారినా కడాకు వచ్చి ఆ సీలు కిందే రాలుతుంది. గేర్‌బాక్సంతా డీజిల్‌తో కడిగి, బనీన్ వేస్టుతో తుడిచి, బాగా ఆరనిచ్చి, పిల్లలకు పూసే పౌడరు పల్చగా చల్లు. పది కిలోమీటర్లు తిప్పుకొని వచ్చి బండి కింద దూరి చూడు. పౌడరు మీద తడి చార ఎక్కడ మొదలైందో ఆయిల్ పుట్టింది అక్కడ. ముందువైపు ఇంజిన్‌కు ఆనుకొని, క్లచ్చి ఉండే బెల్ హౌసింగు కింద కూడా తడి ఉంటే వేలితో తీసి వాసన చూడు. గేరాయిల్‌కి గంధకం కంపు ఉంటుంది, ముక్కు పట్టేస్తుంది. ఇంజినాయిల్‌కి ఆ కంపు ఉండదు. అక్కడ ఇంజినాయిల్ అయితే అది క్రాంకు వెనక సీలు, వేరే కథ.

పౌడరు వెనక సీలునే చూపించిందనుకో. అప్పుడు కూడా సీలు మీద చెయ్యి వెయ్యకుండా గేర్‌బాక్సు పైన బ్రీదర్, అంటే లోపలి గాలి ఆడే బొక్క, వెతుకు. చిన్న ఇత్తడి టోపీ లాగానో, రబ్బరు పైపు చివరో ఉంటుంది. నూటికి తొంభై మంది మెకానిక్కులు దాన్ని చూడరు. నేనూ ఒక కాలంలో చూసేవాణ్ణి కాదు. వేరుశనగ నూర్పిళ్ల రోజుల్లో రాప్తాడు పక్క నుంచి ఒక రైతు ట్రాక్టరు తెచ్చాడు. నూర్పిడి మిషను తిప్పడానికి ట్రాక్టరు వెనక ఉండే పీటీఓ షాఫ్టు సీలు కారుతోంది. మార్చి పంపాను. ఎనిమిది రోజులకు మళ్లీ వచ్చాడు. మళ్లీ మార్చాను. మూడోసారి వచ్చి, కోప్పడలేదు గానీ, "ఏమన్నా, ఈ సీలుకు నేనంటే పడదా?" అన్నాడు. సిగ్గేసింది. అప్పుడు బ్రీదర్ విప్పాను. దాని బొక్కలో కందిరీగ మట్టితో గూడు కట్టి, సిమెంటు పూసినట్టు మూసి పెట్టింది. సన్న కమ్మీతో పొడిస్తే బుస్సుమని గాలి వచ్చింది. ఆ పొద్దు వేసిన సీలు ఆ రైతు ట్రాక్టరు అమ్మేదాకా ఉంది.

లెక్క చూడు. ఊపిరాడని పెట్టెలో గాలి 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి దాదాపు 0.2 బార్ పెరుగుతుంది. టైరు గాలి లెక్కలో 3 పాయింట్లు. ఇంతేనా అనుకుంటావు. కానీ మామూలు ఆయిల్ సీలు ఓర్చుకునేదే 0.2, 0.3 బార్ దాకా. ఆ ఒత్తిడి ఆయిల్‌ను బయటికి నెట్టడమే గాదు, సీలు లిప్పును, అంటే షాఫ్టును పట్టుకొని ఉండే రబ్బరు అంచును, షాఫ్టు మీదికి అదిమి పెడుతుంది. లిప్పు కింద వేడి పుడుతుంది, రబ్బరు కాలుతుంది, ఇనుము అరుగుతుంది. బండలేసుకొని గువ్వలచెరువు ఘాటు రెండో గేరులో ఎక్కే బండికి మే నెలలో గేరాయిల్ ఎంత కాగుతుందో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. నీ దారిలో బండల దుమ్ము కూడా ఉంది. ఆ తెల్ల పొడి ఆయిల్ జిడ్డుతో కలిస్తే బ్రీదర్‌కు మక్కు పెట్టినట్టే. డీజిల్‌లో నానేసి, నోటితో ఊది చూసుకో. గాలి అటూ ఇటూ ఆడాలి.

ఇప్పుడు విప్పు. జాయింట్ షాఫ్టు నాలుగు బోల్టులు తీసే ముందు, అది తగిలే గేర్‌బాక్సు వైపు చక్రం లాంటి ఫ్లాంజీ మీద, షాఫ్టు మీద పెయింటుతో గుర్తు గీయి, మళ్లీ అట్లే పడాలి. షాఫ్టు దించాక, ఫ్లాంజీ ఇంకా బిగించి ఉండగానే చేత్తో పట్టుకొని పైకీ కిందికీ ఆడించు. టకటక కొట్టుకుంటే వెనక బేరింగు పోయింది, బేరింగు మార్చకుండా సీలు మాటే ఎత్తొద్దు. షాఫ్టు ఊగుతుంటే లిప్పు దానితో పాటు ఊగలేదు. ఒకవైపు నలుగుతుంది, ఇంకోవైపు సందు ఇస్తుంది. జాయింట్ షాఫ్టు మీదుండే క్రాస్ జాయింట్లు, సెంటర్ బేరింగు కూడా చూడు. క్రాసు వదులైతే ఆ అదురంతా పోయి కొట్టేది ఈ సీలునే.

తర్వాత నట్టు తీసి ఫ్లాంజీ లాగి, సీలు కూర్చునే మెడను శుభ్రంగా తుడిచి బొటనవేలి గోరు అడ్డంగా జరుపు. నీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. గోరు తట్టుకుంటే గాడి పడినట్టు. మూడు సీళ్లూ అదే లోతులో కూర్చున్నాయి గనక మూడు లిప్పులూ ఒకే గాడిలో తిరిగాయి. ప్రతిదీ ముందుదానికన్నా లోతైన గాడిలో దిగింది, ప్రతిదీ తొందరగా పోయింది. రెండు నెలలు, నెలన్నర, మూడు వారాలు అన్న లెక్క సరిగ్గా దానికే సరిపోతోంది.

గాడి ఉంటే మూడు దారులు. ఫ్లాంజీయే కొత్తది కొనడం అన్నిటికంటే మేలు. గేర్‌బాక్సు దించే పని లేదు, విడిగా దొరుకుతుంది. రెండోది, గాడి మీద సన్నటి స్టీలు స్లీవు ఎక్కించడం. స్పీడీ స్లీవ్ అని అడుగు. మందం 0.28 మిల్లీమీటర్లే కాబట్టి పాత సైజు సీలే పడుతుంది. మూడోది పైసా ఖర్చు లేనిది. హౌసింగులో, అంటే సీలు దిగే గేర్‌బాక్సు బొక్కలో, చోటు ఉంటే కొత్త సీలును పాతదానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో కూర్చోబెట్టడం, అప్పుడు లిప్పు అరగని చోట తిరుగుతుంది. అయితే లోపలికి నెట్టేటప్పుడు వెనక ఆయిల్ తిరిగి పోయే బొక్క మూతపడకూడదు.

లేత్ మీద కోసి నున్నగా చేయిస్తా అంటే మాత్రం వద్దు. ఒకాయన అట్లే తెచ్చాడు, అద్దంలా మెరుస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే టూలు నడిచిన గీతలు సన్నని మరలాగా చుట్టుకొని ఉన్నాయి. షాఫ్టు తిరుగుతుంటే ఆ మరే ఆయిల్‌ను బయటికి తోడి పోస్తుంది. పైగా కోసిన తర్వాత సైజు తగ్గింది, లిప్పుకు పట్టు లేదు. సన్న తుప్పు చుక్కలు ఉంటే నంబరు ఎక్కువున్న ఉప్పుకాగితం ముక్కకు ఆయిల్ రాసి, మెడ చుట్టూ గుండ్రంగా మాత్రమే తిప్పు. ముందుకూ వెనక్కూ నిలువుగా రుద్దొద్దు.

పాత సీలును పారేయకుండా పక్కన పెట్టు. జరిగిందంతా అదే చెబుతుంది. లిప్పు గట్టిపడి, వంచితే సన్నగా పగుళ్లు కనిపిస్తే వేడికి కాలింది. మెత్తగా ఉబ్బి ఉంటే ఆ రబ్బరుకు ఆ ఆయిల్ సరిపడలేదు. అరుగుదల ఒకవైపు వెడల్పుగా, ఎదురువైపు సన్నగా ఉంటే షాఫ్టు ఊగుతోంది, లేదా సీలు వంకరగా దిగింది. లిప్పు మీద ఒకచోట కోత ఉంటే బిగించినప్పుడే తెగింది. లిప్పు చక్కగా ఉండి బయటి అంచు తడిసి ఉంటే ఆయిల్ వచ్చింది షాఫ్టు పక్క నుంచి కాదు, హౌసింగు పక్క నుంచి. అప్పుడు హౌసింగు గోడ మీద ఉలి దెబ్బల గీతలు వెతుకు, పాత సీలు పీకిన మహానుభావుడి గురుతులు ఉంటాయి.

సైజుకొద్దాం. సీలు మీద మూడు అంకెలుంటాయి, 45-65-10 అన్నట్టు. షాఫ్టు, హౌసింగు బొక్క, వెడల్పు, ఇదే వరస, అన్నీ మిల్లీమీటర్లలో. ఇది ఊరికే చెప్పిన సైజు, నీ బండిది కాదు. అంకెలు చెరిగిపోతే మనవాళ్లు పాత సీలుకే వర్నియర్ పెడతారు, అక్కడే మోసపోతారు. లిప్పు కావాలనే షాఫ్టుకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు బిగువుగా చేసి ఉంటుంది. 45 సీలును కొలిస్తే 43 పైచిలుకు చూపిస్తుంది. అరిగిన దానికైతే ఏ కొలతా నమ్మేది లేదు. బయటి వ్యాసం కూడా హౌసింగులో బిగువుగా కూర్చోవడానికి కాస్త పెద్దదిగానే ఉంటుంది, 65 దానికి 65.2, 65.3 రావడం మామూలే. అందుకని కొలవాల్సింది సీలును కాదు. ఫ్లాంజీ మెడను గాడి లేని చోట, హౌసింగు బొక్కను, దాని లోతును కొలువు. మెడ 44.9 వచ్చిందా, 45 అనుకో. కానీ 44.45 దగ్గర వస్తే అది అరిగిన 45 కాదు, ఒకటిముప్పావు అంగుళం. పాత జీపుల్లో, పాత ట్రాక్టర్లలో అంగుళాల సైజులు ఇంకా తగులుతాయి. దానికి 45 వేస్తే అరమిల్లీమీటరు వదులు, వారం కూడా ఆగదు.

వెడల్పులో కాస్త సర్దుకోవచ్చు. 10 దొరక్కపోతే 8 వేయొచ్చు, సరైన లోతులో నిలబెడితే చాలు. 8 ఉండేచోట 10 మాత్రం బేరింగుకు తగలకుండా, ఫ్లాంజీ రాసుకోకుండా ఉందో లేదో చూడకుండా వేయకూడదు. లోపలి వ్యాసంలో, బయటి వ్యాసంలో సర్దుబాటు అన్న మాటే లేదు. "అర పాయింటే గదన్నా, గమ్ము పెట్టి కొడదాం" అనేవాడి దగ్గర నుంచి బండి తోలుకొని వచ్చేసెయ్.

అంకెల పక్కన అక్షరాలు కూడా చదువు. ఎస్ అంటే ఒక లిప్పు, టీ అంటే ఆయిల్ లిప్పుతో పాటు దుమ్ము లిప్పు కూడా. సీ అంటే బయట రబ్బరు తొడుగు, బీ అంటే బయట ఇనుము. దుమ్ములో తిరిగే నీ బండికి ఎస్సీ కాదు, టీసీనో టీబీనో కావాలి. హౌసింగు గోడ మీద గీతలుంటే బయట రబ్బరున్న టీసీయే మేలు, ఆ సందుల్ని రబ్బరు నింపుకుంటుంది. వీ, కే అక్షరాలతో మొదలయ్యేవాటికి స్ప్రింగు ఉండదు, అవి గ్రీజు ఆపడానికి పనికొస్తాయి గానీ కాగే ఆయిల్‌కు కాదు.

కొన్నిటికి లిప్పు లోపలి పక్క ఏటవాలు గీతలు, బయట ఒక బాణం గుర్తు ఉంటాయి. జారిపోతున్న ఆయిల్‌ను ఆ గీతలు మళ్లీ లోపలికి తోస్తాయి, బాణం చూపిన దిక్కుకు షాఫ్టు తిరిగితేనే. ఎదురు దిక్కుకు తిరిగితే అవే బయటికి తోడతాయి. ముందు చక్రాలు లాగే కార్లలో డ్రైవు షాఫ్టు సీళ్లు కుడి ఎడమలు వేరుగా వచ్చేది ఇందుకే, సైజు ఒకటే కదా అని మార్చి కొట్టేవాళ్లున్నారు. నీ ఫ్లాంజీ బండి ముందుకు పోయేటప్పుడు ఏ దిక్కు తిరుగుతుందో చూసుకొని అంగడికి పో.

ఇక వైటాన్ మాట. మామూలు నల్ల సీళ్లు నైట్రైల్ రబ్బరు, ఎన్‌బీఆర్ అని రాసుంటుంది. ఎడతెగకుండా 100 డిగ్రీల దాకా బాగుంటుంది, దాటితే మెల్లగా గట్టిపడుతుంది. గేరాయిల్‌లో ఉండే గంధకపు మందులు ఆ వేడిలో ఇంకా తొందరగా గట్టిపరుస్తాయి. పైగా లిప్పు కింద వేడి, పెట్టెలోని ఆయిల్ వేడికన్నా ఇరవై ముప్పై డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఏసీఎం అనే ఇంకో రకం రబ్బరు 150 దాకా, ఎఫ్‌కేఎం, అదే వైటాన్, 200 దాకా తట్టుకుంటుంది. కాబట్టి నీ పాత సీలు కాలి పగిలి ఉంటే మీ మెకానిక్కు మాట నిజమే, ఎఫ్‌కేఎం వెయ్, డబ్బులు దండగ కాదు. లిప్పు మెత్తగానే ఉండి గాడిలో అరిగి ఉంటే మాత్రం వైటాన్ వల్ల ఒరిగేదేమీ లేదు. గాడికి రబ్బరు ఏ జాతిదైనా ఒకటే. ఎర్రటి సిలికాన్ సీలు కూడా వేడికి ఆగుతుందని అంటగడతారు, గేరాయిల్‌కు అది సరిపడదు, వద్దు. గోధుమ రంగు ఉంటే వైటానే అనీ అనుకోవద్దు. గోధుమ రంగు నైట్రైలూ చూశాను, నల్లటి వైటానూ చూశాను. రంగు కాదు, మీద ముద్రించిన అక్షరాలు చూడు.

కంపెనీదా, బయటిదా? బండి కంపెనీలు సీళ్లు చేయవు, సీళ్లు చేసేవాళ్ల దగ్గర కొని తమ పొట్లంలో పెడతాయి. అదే తయారీదారు పేరుతో, అదే సైజు, అదే రబ్బరు బయట దొరికితే తీసుకో. పేరూ అక్షరాలూ ఏమీ లేని, సైజు మాత్రమే ఉన్న సీలు మాత్రం తీసుకోవద్దు. అంగట్లో ఇంకొకటి గమనించు. సీళ్లను దండ గుచ్చి మేకుకు వేలాడదీస్తారు, మన ఎండకు ఆ గోడ కాగుతుంటుంది. దారం మీద వేలాడిన లిప్పు ఒకవైపు సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. నైట్రైల్ సీలు చీకట్లో, పొట్లంలో ఉంటేనే ఏడేళ్ల దాకా బాగుంటుంది. "దండలోది వద్దన్నా, పొట్లంలోది తీయండి" అని అడుగు. అంగడాయన మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

బిగించేటప్పుడు స్ప్రింగు ఉన్న పక్క ఆయిల్ వైపుకు, అంటే లోపలికి. రెండు లిప్పుల మధ్య మూడో వంతు గ్రీజు పెట్టు, ఆయిల్ లిప్పుకు గేరాయిల్ రాయి. ఎండు సీలు మొదటి నిమిషంలోనే కాలుతుంది. సీలు చుట్టుకొలతకు సరిపోయే పైపు ముక్కో, పాత బేరింగు బయటి రింగో పెట్టి, అన్ని పక్కలా సమంగా చిన్న దెబ్బలతో దింపు. ఫ్లాంజీ మెడ అంచు పదునుగా ఉంటే ఉప్పుకాగితంతో మొద్దుబార్చి ఆయిల్ రాసి తిప్పుతూ ఎక్కించు. లిప్పుకు ఏ పేస్టూ వద్దు. నట్టు మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు బిగించు, ఒకసారి వాడి పారేసే రకం నట్టయితే కొత్తది వెయ్. ఈ పద్ధతి గేర్‌బాక్సు వెనక సీలుకే, డిఫరెన్షియల్ ముందు సీలుకు మాత్రం వర్తించదు. అక్కడ నట్టు బిగువులోనే బేరింగు లెక్క ఉంటుంది.

స్ప్రింగు జోలికి మాత్రం పోవద్దు. నేను పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రీ ఒక విద్య నేర్పాడు. సీలు వదులనిపిస్తే లోపలి స్ప్రింగు తీసి, పట్టకారుతో నాలుగు చుట్లు కత్తిరించి మళ్లీ కలిపేవాడు. లిప్పు బిగుసుకొని, కారడం ఆ రోజుకు ఆగిపోయేది. లారీవాళ్లు దండం పెట్టి పోయేవాళ్లు. నెలకు తిరిగొస్తే షాఫ్టు మీద రంపంతో కోసినట్టు గాడి. అప్పుడు షాఫ్టు కూడా అమ్మేవాళ్లం. మేస్త్రీకి తెలిసే చేశాడో తెలియక చేశాడో ఇప్పటికీ నాకు తేలలేదు. నీ మూడు సీళ్లలో దేనికైనా ఆ వైద్యం జరిగిందేమో, పాత వాటి స్ప్రింగు అతుకు చూసుకో.

ఆయిల్ పోసేటప్పుడు బండి చదునైన చోట నిలిపి, గేర్‌బాక్సు పక్కన ఆయిల్ పోసే బోల్టు బొక్క అంచుదాకా వచ్చి పొర్లబోయేంత వరకే. ఎక్కువ పోస్తే ఎక్కువ బలం అని లేదు, నురగ కట్టి సీలు మీద పడుతుంది. గేరాయిల్ రకం జీఎల్-4 అని మాన్యువల్‌లో ఉంటే జీఎల్-5 పోయించుకోవద్దు, అందులోని మందు కాగినప్పుడు, గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినగలదు.

ఈలోగా బండి నడపక తప్పదు, కిస్తీలు ఆగవు, తెలుసు. పది సెకన్లకొక బొట్టు అంటే గంటకు 18 మిల్లీలీటర్లు. రోజుకు ఐదు గంటల చొప్పున పది రోజులకు ముప్పావు లీటరు దాటుతుంది. రెండు లీటర్లు పట్టే పెట్టెలో అది చిన్న సంగతి కాదు. మూడు రోజులకొకసారి పక్క బోల్టు విప్పి చిటికెన వేలు పెట్టి చూసుకో, వేలికి ఆయిల్ తగలకపోతే పోయకుండా ఘాటు ఎక్కొద్దు. సీలు చుట్టూ ఊరికే తడిగా, దుమ్ము అంటుకొని ఉంటే మాత్రం అది కారడం కాదు, చెమట. దాన్ని విప్పాల్సిన పని లేదు.

ఆదివారం బండి ఖాళీ ఉంటుందన్నావు గదా. విప్పినప్పుడు ఫ్లాంజీ మెడను, పాత సీలు లిప్పును ఎండలో దగ్గరగా ఫోటో తీసి పెట్టు. మెడ, బొక్క, లోతు కొలతలు రాయి. బ్రీదర్‌లో ఏముందో కూడా చెప్పు. అవి చూశాక ఏ సీలు అడగాలో అక్షరాలతో సహా రాసిస్తాను.